పదిహేడో చెయ్యి

తాళం తన చేతిలోకి ఎలా వచ్చిందో పైడితల్లికి అర్థం కాలేదు.

పన్నెండున్నర భోజనం హారన్ ఇంకా మోగుతూనే ఉంది. ఆమె కుడిచెయ్యి నడుముకి వేలాడుతున్న చిన్న సుత్తి తీసింది. వాల్వుకి వేసి ఉన్న తాళాన్ని పక్కనుంచి రెండు దెబ్బలు కొట్టింది. టక్, టక్. తాళం నోరు తెరిచింది. చెయ్యి దాన్ని ఎడమ జేబులో పడేసింది. తర్వాత వాల్వు చక్రం పట్టుకుని ఎడమవైపుకి తిప్పేసింది.

అంతా కలిపి నాలుగు సెకన్లు. పైడితల్లి ఆ నాలుగు సెకన్లూ గుడ్లప్పగించి చూసింది. తన భుజానికి వేలాడుతున్న చెయ్యే అది. కానీ ఆమెని ఒక్క మాటైనా అడగలేదు.

ఆ వాల్వు ఆర్గాన్ గ్యాసుది. దాని గొట్టం వెళ్లేది ఎదురుగా ఉన్న ఇనుప ట్యాంకులోకి. ట్యాంకులో ఈశ్వరి వెల్డింగు చేస్తోంది. బయట కాపలా పైడితల్లిది.

ఆర్గాన్‌కి రంగు లేదు, వాసన లేదు. ట్యాంకు అడుగునుంచి నీళ్లలా నిండుతుంది. లోపలున్న మనిషికి దగ్గు రాదు, గొంతు పట్టెయ్యదు. నిద్ర వస్తుంది, అంతే. అందుకే ట్యాంకులోకి దిగే మనిషి తన తాళం తనే వాల్వుకి వేసి, తాళంచెవి ఒంటిమీద కట్టుకుని మరీ దిగాలని రూలు. ఈశ్వరి తాళంచెవి ఈశ్వరి మెడలోనే ఉంది. తాళం మాత్రం పైడితల్లి జేబులో ఉంది.

చెయ్యి పని ముగించుకుని ప్యాంటుకి రెండుసార్లు తుడుచుకుంది. తీరిగ్గా టిఫిన్ క్యారేజీ అందుకోబోయింది.

ట్యాంకులో సుత్తి చప్పుడు ఆగిపోయింది.

"ఈశ్వరీ!" అని పైడితల్లి పెట్టిన కేకకి ట్రైనింగ్ షెడ్డంతా ఉలిక్కిపడింది. కుడిచేతిని నమ్మకుండా ఎడమచేత్తోనే వాల్వు కట్టేసింది. నలుగురు పరిగెత్తుకొచ్చి ఈశ్వరిని బయటికి లాగారు. పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఆక్సిజన్ పెట్టాక నిమిషానికి కాబోలు, ఆ పిల్ల ఛాతీ ఒక్కసారి పైకి లేచింది.

"తాళం ఎవడు తీశాడు?" ఇన్‌స్ట్రక్టర్ అరిచాడు.

పైడితల్లి ఎడమ జేబులోంచి తాళం తీసి చూపించింది.

"నేనే సార్," అంది. "కానీ నేను కాదు సార్."

*

ఇంటర్ అయ్యాక పైడితల్లి ముందు మూడు దారులున్నాయి. ఎంట్రన్స్ ర్యాంకుకి ఎక్కడో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సీటు. గాజువాకలో గవర్నమెంటు ఐటీఐలో రెండేళ్ల కోర్సు. మూడోది, ఆటోనగర్ వెనకాల కొత్తగా వచ్చిన కరతలం అకాడమీ.

కరతలంలో చదువు పదకొండు రోజులే. ముప్పై ఏళ్లు పనిచేసిన మేస్త్రీ ముంజేతికి సన్నటి తీగల తొడుగు తొడిగి, తొంభై రోజులు అతని నరాల్లో పారిన ప్రతి కదలికనీ మిషన్‌లో ఎక్కిస్తారు. అదే తొడుగు పిల్లల చేతికి తొడిగి ఆ కదలికల్ని నరాల్లోకి దింపుతారు. దాన్ని చేతి అచ్చు అంటారు. పదకొండో రోజుకి, జన్మలో వెల్డింగు టార్చి ముట్టని పిల్ల కూడా ముప్పై ఏళ్ల మేస్త్రీలా అతుకు వేసేస్తుంది.

కౌన్సెలింగు నాడు ఐటీఐ మాస్టారొకాయన వచ్చి చెప్పాడు. "మా దగ్గర మొదటి ఏడాది ఏది పట్టుకోకూడదో నేర్పుతాం. ఏది పట్టుకోవాలో రెండో ఏడాది." పిల్లలు నవ్వారు. పైడితల్లి కూడా నవ్వింది. తల్లి సన్యాసమ్మ మాత్రం నవ్వకుండా ఐటీఐ దరఖాస్తు ఒకటి తెచ్చి గోడమీద క్యాలెండరు వెనక దోపింది.

"రెండేళ్లు ఇనుం రుద్దుతూ కూసుంటావేటే?" అని పైడితల్లిని కరతలానికి తీసుకెళ్లింది పోలినాయుడు. తండ్రి సింహాద్రికి ప్రాణస్నేహితుడు. తండ్రి పనిచేసిన ఫ్యాక్టరీలోనే ఫోర్‌మన్‌గా రిటైరై ఇప్పుడు అకాడమీకి సలహాదారుగా ఉన్నాడు. సింహాద్రి పోయాక ఈ తొమ్మిదేళ్లూ ఆ ఇంటికి మగదిక్కు ఆయనే. పైడితల్లి నోట ఆయన 'పోలి మావ'.

ఇప్పుడు కరతలం ల్యాబులో, డాక్టర్ మాళవిక ఎదురుగా కూర్చుని పైడితల్లి చెయ్యి చాచింది. అచ్చు మిషన్ తయారుచేసినవాళ్లలో మాళవిక ఒకరు. తొడుగు బిగించి, ఫోన్‌లో రకరకాల చప్పుళ్లు వినిపించింది. గంట. ఈల. లారీ హారన్. చెయ్యి కదల్లేదు. చివరికి ఫ్యాక్టరీ భోజనం హారన్ పెట్టింది.

బల్లమీదున్న వేళ్లు టక్, టక్ మన్నాయి. ఏమీ లేని గాలిని ఎడమవైపుకి తిప్పాయి.

మాళవిక ఆ అచ్చు ఇచ్చిన మేస్త్రీ రికార్డు తెరిచి, రోజు తర్వాత రోజు వెనక్కి జరుపుతూ వెళ్లింది.

"తొంభై రోజులూ ఉంది," అంది మెల్లగా. "రోజుకి ఒకసారి. సరిగ్గా పన్నెండున్నరకి. ఆ టైములో చేతిలో సుత్తి కూడా లేదు. చెయ్యి ఊరికే ఒళ్లో ఉంది. చర్మం కింద నరం మాత్రం ఆ పని చేసుకుంటోంది. ఆయనకి తెలుసో లేదో కూడా!"

"అంటే ఏటి మేడమ్?"

"ఏది ఎక్కువసార్లు చేస్తే అదే లోతుగా అచ్చుపడుతుంది. రోజూ ఏళ్ల తరబడి ఒకే కదలిక. మిషన్ దాన్ని పనితనం అనుకుంది."

"ఎవరి చెయ్యిది?"

"పదిహేడో నంబరు. పేర్లు మాకు చెప్పరు. డైరెక్టరు గారి బీరువాలో ఉంటాయి."

"ఎంతమందికి ఇచ్చారు?"

"మీ బ్యాచ్ మొత్తానికి. నలభై మందికి. హారన్ టైముకి సుత్తి పెట్టుకుని తాళం ముందు నిలబడింది నువ్వొక్కదానివే. మిగతావాళ్ల వేళ్లు కూడా అదిరే ఉంటాయి. తిమ్మిరి అనుకుని ఉంటారు."

సోమవారం ఆ నలభైమందీ ఫ్యాక్టరీలో దిగుతున్నారు. మరమ్మతులకి ఫ్యాక్టరీ ఆపేశారు. పెద్ద ట్యాంకుల లోపల పని. అక్కడా అవే చవక ఇత్తడి తాళాలు. అక్కడా పన్నెండున్నరకే హారన్.

డైరెక్టరు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. చేతిలో కాగితం. 'నా అజాగ్రత్త వల్ల ప్రమాదం జరిగినది' అని టైపు కొట్టి ఉంది.

"సంతకం పెట్టమ్మా. గొడవ వదిలిపోతుంది."

"అచ్చు చెరిపెయ్యాలి సార్," అంది మాళవిక. "నలభైమందికీ. ఇవాళే మొదలుపెట్టాలి."

"చెరిపేస్తే?"

"ఆరు నెలలు చెయ్యి మొద్దుబారుతుంది. పని మొత్తం మరిచిపోతారు."

"విన్నావా అమ్మా?" డైరెక్టరు పైడితల్లి వైపు తిరిగాడు. "నీ ఒక్కదాని పొరపాటుకి నలభై ఇళ్లలో పొయ్యి ఆర్పేస్తావా? సోమవారం పొద్దున్నకల్లా కాగితం నాకు కావాలి."

*

సాయంత్రం ఇంటికి చేరేసరికి సన్యాసమ్మ చేటలో ఎండుచేపల తలలు తుంచుతోంది. పైడితల్లి గుమ్మంలోనే కూలబడి జరిగిందంతా చెప్పింది.

'సుత్తితో' అన్న మాట దగ్గర సన్యాసమ్మ చేతులు ఆగిపోయాయి.

"మల్లీ సెప్పు. తాళంచెవి నేకుండానా?"

"రెండు దెబ్బలమ్మా. అంతే. ఊడొచ్చేసింది."

సన్యాసమ్మ లేచి, భర్త ఫొటో పక్కన మేకుకి వేలాడుతున్న తాళంచెవి తీసింది. తొమ్మిదేళ్ల కిందట ఫ్యాక్టరీ ట్యాంకులోంచి సింహాద్రి శవాన్ని తీసినప్పుడు ఆయన మొలతాడుకి కట్టి ఉన్న తాళంచెవి అది. సింహాద్రి తాళం వెయ్యకుండా దిగాడని రిపోర్టు రాశారు. తప్పు చచ్చినవాడిదే అని తేల్చేశారు.

"నాను అందరి కాళ్లూ పట్టుకున్నానే. తాళంచెవి ఒంటిమీదుంటే తాళం ఎయ్యకపోవడమేటి బాబూ అని. మరయితే తాళం ఏదమ్మా, సూపించు అన్నారు. నానెక్కడ తేను?"

పైడితల్లికి ఆ కథ కొత్త కాదు. బళ్లో పిల్లలు ఆమెకి పెట్టిన పేరే 'తాళం ఎయ్యనోడి కూతురు'. ఆ పేరు తుడిచెయ్యాలనే వెల్డింగు ఎంచుకుంది. అదే ఫ్యాక్టరీలో, అలాంటి ట్యాంకులోనే, తన తాళం తను వేసి దిగి, బతికి బయటికి రావాలని.

"అంటే, నాన్న తాళం..."

"ఏటే, తల్లీ కూతుళ్లు గుసగుసలాడుకుంతన్నారు?"

గుమ్మంలో పోలినాయుడు. సన్యాసమ్మ తాళంచెవి గుప్పిట్లో మూసేసింది. "రా అన్నియ్యా, కూకో. టీ పెడతాను," అని లోపలికి వెళ్లింది.

పోలినాయుడు ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "డైరెక్టరు ఫోన్ సేసినాడమ్మా. సిన్న కాగితమంట కదా, సంతకం ఎట్టీ. సిన్నగుంటవి, కంగార్లో సెయ్యి తగిలింది. ఎవులన్నా ఏటన్నా అంటే నానున్నాను గదా."

సన్యాసమ్మ రెండు స్టీలు గ్లాసులతో వచ్చింది. ఒకటి ఆయనకి, ఒకటి కూతురికి.

పైడితల్లి గ్లాసు అందుకుంది. ఆమె చూపుడువేలు గ్లాసు అంచుమీద రెండుసార్లు గోటితో కొట్టింది. బొటనవేలు గ్లాసుని కాస్త ఎడమకి తిప్పింది. చిటికెన వేలు ముడుచుకుని అడుగున చేరింది. అచ్చు పడకముందు ఎప్పుడూ అలా పట్టుకోలేదు. అనుకోకుండానే తలెత్తింది.

ఎదురుగా ఇంకో గ్లాసు. దాని అంచుమీద ఇంకో గోరు. టక్, టక్. ఎడమకి తిరిగింది. చిటికెన వేలు ముడుచుకుని అడుగున చేరింది.

పోలినాయుడు కూడా చూశాడు.

టీ మీద ఆవిరి లేస్తోంది. ఎవరూ తాగలేదు. వీధిలో ఎవడో 'పాత సామాన్లు కొంటాం' అని మైకులో అరుచుకుంటూ పోతున్నాడు. పైడితల్లికి తన చెయ్యి తన ఒళ్లోనే పాములా ఉంది.

సన్యాసమ్మ మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

పోలినాయుడు గ్లాసు కింద పెట్టాడు. గొంతు బాగా తగ్గించాడు.

"మంచి సెయ్యే పైడీ, నీకిచ్చింది. ముప్పై ఏళ్లలో ఒక్క రోజు తప్ప."

పైడితల్లి గ్లాసు నేలమీద పెట్టేసింది.

"ఒకడున్నాడనుకో. హారన్ మోగింది. అందరూ బువ్వకి ఎల్లిపోనారు. వాల్వుకి ఒక తాళం ఉండిపోనాది. ఎవుడో తియ్యడం మర్సిపోయి ఎల్లిపోనాడనుకున్నాడు. పైనుంచి ఒకటే తొందర, గ్యాసు ఇప్పు ఇప్పు అని. ఒక్క కేకేసి, ట్యాంకులోకి తొంగి సూస్తే సరిపోను. సూణ్ణేదు. కావాలని సేసిన పని కాదమ్మా అది."

"తరవాత?" పైడితల్లి అడిగింది.

"తరవాత తాళం జేబులో ఉండిపోనాది. అంతే." లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "సంతకం ఎట్టు. ఆ ఒక్క రోజూ ఇప్పుడెవులికీ అక్కర్నేదు. నీకూ అక్కర్నేదు. ఆ సెయ్యి తీసేస్తే నీ బతుకేటవుతాదో ఆలోసించుకో."

గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి నవ్వాడు. తొమ్మిదేళ్లుగా పండక్కీ పబ్బానికీ నవ్విన నవ్వే.

ఆయన చెప్పుల చప్పుడు వినపడనంత దూరం వెళ్లాక సన్యాసమ్మ వచ్చింది. కళ్లలో నీళ్లు లేవు.

"రెండు గళాసులూ ఒకలాగే పట్టుకున్నారు," అంది.

"అమ్మా, పోలీసుల దగ్గరికి..."

"పేరు బయటికి తియ్యకు. అప్పుడు నా మాట ఎవులిన్నారు, ఇప్పుడు నీ మాట ఇండానికి? గళాసు పట్టుకున్నాడని కేసెడతారేటి? రోజూ ఆడి సెయ్యి సెప్తన్నాదన్నావు కదా. దాన్నే సెప్పనీ. అందరి ముందరా."

*

ఆదివారం ఆసుపత్రిలో ఈశ్వరి దిండుకి ఆనుకుని కూర్చుని బత్తాయి తొనలు తింటోంది.

"వచ్చావేటే హంతకురాలా? నా క్యారేజీలో రొయ్యల ఇగురు కోసమేనా నన్ను లేపేద్దామనుకున్నావు?"

పైడితల్లి నవ్వబోయి ఏడ్చేసింది. ఈశ్వరి ఆమె కుడిచెయ్యి పట్టుకోబోయి, ఒక్క క్షణం తటపటాయించి, పట్టుకుంది.

"నాకూ అదురుతాయే వేళ్లు. హారన్‌కి. ఎవరికైనా చెప్తే పంపించేస్తారని నోరు మూసుకున్నాను."

బ్యాచ్ గ్రూపులో ఈశ్వరే మెసేజ్ పెట్టింది: 'పన్నెండున్నరకి ఎవరెవరికి వేళ్లు కొట్టుకుంటాయి?' గంటలో ముప్పై ఆరు జవాబులొచ్చాయి. అన్నీ ఒకటే మాట. నాకు. నాకు. నాకు కూడా.

పైడితల్లి డాక్టర్ మాళవికకి ఫోన్ చేసింది. ముప్పై ఆరు జవాబుల సంగతి చెప్పింది.

"రేపు ట్యాంకుల్లోకి ఎన్నింటికి దింపుతారు?" అడిగింది మాళవిక.

"భోజనాలయ్యాక, రెండింటికి. అంతకుముందు తాళాల పంపకం ఉంది మేడమ్."

"ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసర్ శాంతకుమారి గారు అక్కడుండేలా నేను చూస్తాను. కానీ పైడితల్లీ, నిజం బయటపడితే చెరపడం తప్పదు. ముందు నీ చెయ్యే."

"తెల్సు మేడమ్."

*

ఆ ఫ్యాక్టరీలో కొత్తగా పనిలో చేరేవాళ్లకి ఒక ఆనవాయితీ ఉంది. పెద్ద మేస్త్రీ ఒకరు వాళ్ల పేరు రాసిన తాళం చేతికిస్తాడు. దాన్ని యార్డులో ఉన్న పొడవాటి పైపుకి వేసి, తాళంచెవి మొలతాడుకో మెడలోనో కట్టుకుంటారు. అక్కణ్ణుంచి ఆ మనిషి ప్రాణం ఆ తాళంలో ఉన్నట్టే లెక్క.

సోమవారం తాళాలిచ్చే మేస్త్రీ పోలినాయుడు. వేదిక మీద డైరెక్టరు, మాళవిక, కళ్లజోడు పెట్టుకున్న శాంతకుమారి. ఆసుపత్రినుంచి ఆటోలో వచ్చేసింది ఈశ్వరి. నలభైమందీ నడుముకి సుత్తులతో పైపు వెంబడి వరసగా నిలబడ్డారు. గేటు దగ్గర చూడ్డానికొచ్చిన ఇళ్లవాళ్లలో సన్యాసమ్మ ఉంది.

డైరెక్టరు మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. "కానివ్వండి, కానివ్వండి. పన్నెండుంపావుకల్లా అయిపోవాలి."

పిల్లలు, ముందే అనుకున్నట్టు, తొందరపడలేదు. ఒకడు తాళం కింద పడేశాడు. ఒకమ్మాయి పేరు తప్పు రాశారని వెనక్కిచ్చింది. ఇంకొకడు పోలినాయుడి కాళ్లకి దణ్ణం పెట్టి లేవడానికి ఒక నిమిషం తీసుకున్నాడు. అందరి చివర పైడితల్లి వచ్చేసరికి పన్నెండూ ఇరవై ఏడు.

పోలినాయుడు తాళం అందించాడు. "సంతకం ఎట్టినావా?" అని పెదాలు కదిపాడు.

ఆమె మైకు దగ్గరికి జరిగింది. "మావా, అందరి ముందరా ఒక్క మాట చెప్పు. వాల్వుకున్న తాళం ఎప్పుడు తియ్యాలి?"

యార్డంతా ఆయన వైపు చూసింది. చెప్పక తప్పలేదు. "లోపలికి దిగిన మనిషి పైకొచ్చి, కళ్లెదుట నిలబడినాక. ఆడి సేత్తో ఆడే తియ్యాల."

"మనిషి కనబడకపోతే?"

"ఎతకాల."

"వెతక్కపోతే?"

పోలినాయుడు వెనక్కి తగ్గి వేదిక మీద కుర్చీలో కూర్చున్నాడు. పైడితల్లి వెళ్లి తన తాళం పైపుకి వేసింది. నలభయ్యో తాళం. తాళంచెవి మెడలో వేసుకుంది. పక్కనున్న ఈశ్వరి చెమటపట్టిన అరచెయ్యి ఆమె ఎడమచేతిని గట్టిగా పట్టుకుంది.

హారన్ మోగింది.

నలభై కుడిచేతులు ఒక్కసారిగా నడుముల దగ్గరికి వెళ్లాయి. నలభై సుత్తులు లేచాయి. టక్, టక్. పైపంతా గణగణలాడింది. తాళాలు నోళ్లు తెరిచి ఎడమ జేబుల్లోకి జారాయి. ఆ తర్వాత నలభై చేతులు, ఎదురుగా ఏమీ లేని గాలిలో, కనపడని చక్రాన్ని ఎడమకి తిప్పాయి. ఆ పిల్లల మొహాల్లో ఒక్కటే భయం, గుండె అవిసిపోయే భయం. ఒక కుర్రాడు గట్టిగా ఏడుస్తున్నాడు, చెయ్యి మాత్రం దాని పని అది చేసుకుపోతోంది.

గేటు దగ్గర ఎవరో తల్లి కెవ్వుమంది.

"ఆపండి!" శాంతకుమారి కుర్చీలోంచి లేచింది. "ఈ చేతులతో మీరు నా ట్యాంకుల్లోకి దిగుతారా? ఎవరు నేర్పారు మీకిది?"

"రిహార్సల్ మేడమ్, చిన్న..." డైరెక్టరు మైకు లాక్కోబోయాడు.

"రిహార్సల్ కాదు," అంది మాళవిక. లేచి నిలబడింది. "అచ్చు. ఒకే మనిషి చెయ్యి. పదిహేడో నంబరు."

"నంబరు కాదండీ నేను అడిగేది. పేరు."

పోలినాయుడు కుడిచేతిని రెండు మోకాళ్ల మధ్య పెట్టుకుని వంగిపోయి కూర్చున్నాడు. అణిచిపెట్టిన ఆ చెయ్యి తువ్వాలు కింద ఇంకా తిరుగుతూనే ఉంది. ఎడమకి. ఇంకా ఎడమకి.

"పైడీ," అన్నాడు. బతిమాలుతున్నట్టు, చిన్నప్పుడు జ్వరమొస్తే పిలిచినట్టు. "వద్దమ్మా."

పైడితల్లి తన కుడిచెయ్యి చూసుకుంది. రేపటికి అది చెక్కముక్క అయిపోతుంది. ఆరు నెలలు అన్నం కూడా ఎడమచేత్తోనే తినాలి. తర్వాత, క్యాలెండరు వెనకున్న దరఖాస్తు నింపి, రెండేళ్లు, మొదటినుంచి. మొదటి ఏడాది ఏది పట్టుకోకూడదో.

గేటు దగ్గర సన్యాసమ్మ గుప్పిటెత్తి పట్టుకుంది. ఎండలో తాళంచెవి మెరిసింది.

తొమ్మిదేళ్లుగా మావా అని తప్ప వేరేగా పిలవని నోరు, మైకు ముందు తెరుచుకుంది.

"మా నాన్న సింహాద్రి తాళం వేశాడు," అంది. "తీసినవాడు గేదెల పోలినాయుడు."